డెక్‌లో బాల్సా పరిచే అల్లుడికి

చి. అల్లుడికి మావయ్య దీవెనలు.

ఫిషింగ్ హార్బర్‌లో ఫైబర్ బోటు డెక్‌కి ప్లైవుడ్ మానేసి, ఫైబర్ పొరల మధ్యలో బాల్సా అనే తేలిక చెక్క వేద్దామనుకోవడం బాగుంది. 12 మిల్లీమీటర్ల బాల్సా చదరపు మీటరుకి రెండు కిలోలైనా తూగదు, అదే మందం ప్లైవుడ్ ఏడు కిలోల దాకా ఉంటుంది. బాల్సా కుళ్లిపోతుందని రేవులో అంటే భయపడకు. నీళ్లకి దారి వదిలితేనే కుళ్లేది.

ఎండ్‌గ్రెయిన్ షీటే కొను. నార నిలువుగా ఉండేలా చిన్న బిళ్లలు కోసి, వెనక పల్చటి జాలీగుడ్డ అంటిస్తారు. తేమ 12 శాతం దాటకూడదు. మన సముద్రపుగాలికి కవరు విప్పి వదిలితే పీల్చేస్తుంది, ఏ పూటది ఆ పూటే విప్పు. ముసురులో పని పెట్టుకోకు.

అసలు పని చెడేది ఒకచోటే. నిలువునార అంటే వేల గొట్టాలు నోరు తెరుచుకున్నట్టు. ఏమీ పూయని షీటు మీద మ్యాట్ (గాజునార దుప్పటి) వేస్తే, దాన్ని తడిపిన రెసిన్‌ని (గట్టిపడే జిగురు ద్రవం) ఆ గొట్టాలు తాగేస్తాయి, అతుకు పొడిగా మిగులుతుంది. ఆ రోజుకి బాగానే కనిపిస్తుంది, డెక్ మీద బరువులు పడ్డాక పొర లేస్తుంది. అందుకే రెండు ముఖాలకీ ముందు రెసిన్ పట్టించు. చదరపు మీటరుకి, ఒక్కో వైపు, అరకిలో దాకా పడుతుంది. తాగేసిన చోట మళ్లీ పుయ్యి. పొద్దున్న ఎండెక్కేటప్పుడు పూస్తే చెక్కలోని గాలి వేడెక్కి బుడగలొస్తాయి. మధ్యాహ్నం మూడు దాటాక, షెడ్డు చల్లబడుతుండగా పూస్తే రెసిన్ లోపలికే పోతుంది. కోబాల్ట్‌ని (గట్టిపడటాన్ని వేగం చేసే మందు) రెసిన్‌లో బాగా కలిపాకే క్యాటలిస్ట్ (రెసిన్‌ని గట్టిపరిచే మందు) పొయ్యాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలుతుంది, కుర్రాళ్లకి గట్టిగా చెప్పు.

కింద రెసిన్‌తో తడిపిన మ్యాట్ మీద షీటు నొక్కి, పాలిథిన్ పరిచి ఇసుక బస్తాలు పెట్టు. వాక్యూమ్ పంపు దొరికితే మరీ మంచిది. వంపుల దగ్గర బిళ్లల మధ్య విచ్చుకున్న సందుల్ని పుట్టీతో నింపు, లేకపోతే ఒకచోట దిగిన నీరు కాలవలా పారుతుంది. పైన ముందు మ్యాటే వెయ్యి, రోవింగ్ (నేసిన గాజునార గుడ్డ) నేరుగా వేస్తే సరిగా అంటదు. అంచుల్లో షీటుని ఏటవాలుగా చెక్కి, వించి (తాళ్లు లాగే యంత్రం) బిగించే చోట బాల్సా తీసేసి పూర్తిగా ఫైబరే కట్టు.

మిగతా చోట, బోల్టు కన్నంలోంచి నీళ్లు బాల్సాలోకి దిగకుండా, 8 మిల్లీమీటర్ల బోల్టుకి 16 మిల్లీమీటర్ల కన్నం తొలువు, అడుగు పొర మాత్రం తెగకూడదు. సిలికా పొడి కలిపిన ఎపాక్సీ జిగురుతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో 8 మిల్లీమీటర్ల కన్నం వెయ్యి. ఒక్క మేకు కూడా దీనికి మినహాయింపు కాదు.

రంగు వేయకముందే రూపాయి బిళ్లతో డెక్కంతా తట్టు. డొల్లగా మోగిన చోట సుద్దతో గీసి, చిన్న కన్నాలు వేసి సిరంజితో రెసిన్ ఎక్కించు. డొల్ల అరచేతిని మించితే మొహమాటపడకుండా కోసి తీసి మళ్లీ వెయ్యి.

ఉంటాను,
మావయ్య