టెక్ సందేహాలు: పికప్ లేని డీజిల్ కారు, టర్బో మార్చే ముందు చూడవలసిన రెండు అంకెలు

ప్రశ్న: రెండు లీటర్ల టర్బో డీజిల్ ఇంజిన్ ఉన్న పాత కారు కొన్నాను. యాక్సిలరేటర్ తొక్కగానే బండి కదలదు. కాసేపు తటపటాయించి, ఆ తర్వాత బద్ధకంగా వేగం అందుకుంటుంది. గట్టిగా తొక్కితే వెనక నల్లటి పొగ వస్తుంది. స్కానర్‌లో పి0299 కోడ్ కనిపించింది. మెకానిక్ సలహాతో, లోపలికి వచ్చే గాలిని తూచే మాఫ్ సెన్సర్ కొత్తది వేయించాను, ఏమీ మారలేదు. ఇప్పుడు ఇంజిన్‌లోకి గాలి ఊదే టర్బోయే మార్చాలంటున్నారు. కారుకు తగిలించే బ్లూటూత్ అడాప్టర్ కొని ఫోనులో నేనే అంకెలు రికార్డు చేశాను. మూడో గేరులో పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు, 3000 ఆర్‌పీఎం దగ్గర మ్యాప్ (ఇంజిన్‌కు చేరిన గాలి ఒత్తిడి) 150 కిలోపాస్కల్, మాఫ్ సెకనుకు 95 గ్రాములు వచ్చాయి. టర్బో మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. మీరు పంపిన రెండు అంకెలు టర్బో మీద కన్నా దాని తర్వాత ఉన్న గొట్టాల మీదే ఎక్కువ అనుమానం కలిగిస్తున్నాయి.

ముందుగా ఆ కోడ్ సంగతి. పి0299 అంటే ‘ఇంజిన్ కంప్యూటర్ కోరినంత గాలి ఒత్తిడి రాలేదు’ అని మాత్రమే. టర్బో పాడైందని అది ఎక్కడా చెప్పదు. గొట్టం చిరిగినా, టర్బోను అదుపు చేసే వ్యాక్యూమ్ పైపు పగిలినా, ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోయినా ఇదే కోడ్ రావచ్చు. కోడ్ చూసి విడిభాగం కొనడం వల్ల ఎందరో పాఠకులు డబ్బు పోగొట్టుకున్నారు. మీ విషయంలో ఒక మేలు మాత్రం జరిగింది. మాఫ్ సెన్సర్ కొత్తది కాబట్టి, అది చూపే అంకెను నమ్మి లెక్క వేయవచ్చు.

మాఫ్ సెన్సర్ ఎయిర్ ఫిల్టర్ పక్కనే, టర్బో కన్నా ముందు ఉంటుంది. లోపలికి వచ్చిన గాలిని తూచేది అదే. మ్యాప్ సెన్సర్ ఇంజిన్ ముంగిట, అన్ని గొట్టాలూ దాటాక ఉంటుంది. అక్కడికి చేరిన గాలి ఒత్తిడి ఎంతో అది చెబుతుంది. దారిలో ఎక్కడా కారకపోతే ఈ రెండూ ఒకదానికొకటి సరిపోవాలి.

ఇక మీ బండి లెక్క. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన పరిమాణమంత గాలిని పీలుస్తుంది. రెండు లీటర్ల ఇంజిన్ 3000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 3000 లీటర్లు, అంటే సెకనుకు 50 లీటర్లు తీసుకుంటుంది. 150 కిలోపాస్కల్ ఒత్తిడిలో, ఇంటర్‌కూలర్ (టర్బో ఊదిన గాలిని చల్లబరిచేది) దాటిన గాలి 50 డిగ్రీల వేడి ఉందనుకుంటే, లీటరు గాలి సుమారు 1.6 గ్రాములు తూగుతుంది. అంటే సెకనుకు 80 గ్రాములు. సిలిండర్లు ఎప్పుడూ పూర్తిగా నిండవు కనుక పది, పదిహేను శాతం తీసేస్తే మిగిలేది 70 గ్రాములు. మీ మాఫ్ చూపింది 95. తూచిన గాలిలో సుమారు పాతిక గ్రాములు ఇంజిన్‌కు చేరకుండానే ఎక్కడో బయటకు పోతున్నాయి. ఇది ముతక లెక్కే. అయిదారు గ్రాముల తేడా అయితే నేను పట్టించుకోను, కానీ పాతిక గ్రాములను తోసిపుచ్చలేం.

నల్లటి పొగకూ కారణం ఇదే. కంప్యూటర్ 95 గ్రాముల గాలి ఉందని నమ్మి, దానికి తగిన డీజిల్ చిమ్మిస్తోంది. సిలిండర్‌కు అందుతున్నది 70 మాత్రమే. మిగిలిన ఇంధనం సరిగా కాలక మసిగా మారుతోంది.

టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు గొట్టాలను పరిశీలించండి. చిరుగు చాలాసార్లు కంటికి కనిపించని అడుగు వైపునో, క్లిప్పు బిగించిన చోటో ఉంటుంది. బండి ఆగి, ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు ఆ చిరుగు మూసుకునే ఉంటుంది. ఒత్తిడి పెరిగితేనే నోరు తెరుస్తుంది. అందుకే బానెట్ ఎత్తి చూసినవారు ‘అంతా బాగానే ఉంది’ అంటారు. గొట్టం లోపల పలుచని నూనె పొర ఉండటం మామూలే. బయట జాయింటు దగ్గర నూనె తడి, దానికి అంటిన దుమ్ము కనిపిస్తే అక్కడే ఆగి చూడండి. కనబడకపోతే వర్క్‌షాపులో గాలి మార్గాన్ని మూసి, బండి మామూలుగా ఇచ్చే బూస్ట్‌కు (టర్బో ఇచ్చే అదనపు ఒత్తిడికి) మించని ఒత్తిడితో గాలి నింపి, సబ్బు నీళ్లు చల్లమనండి. బుడగలే చోటు చూపిస్తాయి. ఇంటర్‌కూలర్ చివర ప్లాస్టిక్ ట్యాంకులుంటే ఆ అతుకులనూ వదలవద్దు.

ఇవే లక్షణాలున్న ఇతర పాఠకుల అంకెలు వేరుగా ఉండవచ్చు. మ్యాప్, మాఫ్ రెండూ కలిసే తగ్గి, లెక్క సరిపోతే కారుతున్నది ఏమీ లేదు, టర్బో సరిగా ఊదడం లేదని అర్థం. అప్పుడు కూడా మొదట ఎయిర్ ఫిల్టర్, తర్వాత టర్బోను అదుపు చేసే యాక్చుయేటర్ చూడాలి. వ్యాక్యూమ్‌తో పనిచేసే రకమైతే చాలా బండ్లలో ఇంజిన్ స్టార్ట్ చేయగానే దాని కడ్డీ లాగబడాలి, ఆపితే వెనక్కి రావాలి. కదలకపోయినా, మధ్యలో పట్టేసినా పైపులో చీలికో, టర్బో లోపలి రెక్కలకు పట్టిన మసో కారణం కావచ్చు. మ్యాప్ బాగుండి మాఫ్ మాత్రం తక్కువ చూపితే పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోయిందేమో చూడాలి. పొగగొట్టం నుంచి తిరిగి వచ్చిన గాలి, తాజా గాలి చోటును ఆక్రమిస్తుంది. ఇలాంటి బండి తక్కువ వేగంలోనే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మాఫ్ సెన్సర్ మురికిపట్టినా అంకె ఇలాగే ఉంటుంది, కానీ అప్పుడు పొగ రాదు. గాలి తక్కువుందనుకుని కంప్యూటరే డీజిల్ తగ్గించేస్తుంది.

గాలి లెక్క పూర్తిగా కుదిరినా బండి లాగకపోతే ఇంధనం వైపు వెళ్లాలి. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు రైల్ (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టం) ఒత్తిడి కంప్యూటర్ కోరిన దానికన్నా బాగా పడిపోతుంటే, ముందు డీజిల్ ఫిల్టర్ మార్చండి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంజిన్ నడుస్తుండగా హై ప్రెజర్ పైపుల నట్లు వదులు చేయవద్దు. వెయ్యి బార్‌కు పైబడిన ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లవలసిన ప్రమాదం అది.

పాత కారు కొన్నవారు, కొనబోయేవారు యాప్‌లో మరో అంకె వెతకండి. ‘కోడ్‌లు చెరిపాక నడిచిన దూరం’ అనే విలువను చాలా బండ్లు చూపిస్తాయి. ఓడోమీటరులో లక్ష దాటిన కారులో అది ముప్పయ్యో నలభయ్యో కిలోమీటర్లు ఉంటే, ఎవరో ఈ మధ్యే కోడ్‌లు తుడిచేశారన్నమాట. కారణం అడగండి. మీరు కూడా కోడ్ చెరిపే ముందు దానితోపాటు నమోదైన ఫ్రీజ్ ఫ్రేమ్‌ను ఫొటో తీసుకోండి. లోపం వచ్చిన క్షణంలో వేగం, ఆర్‌పీఎం, వేడి ఎంతో అందులో ఉంటాయి. చెరిపితే అదీ పోతుంది.

ప్రశ్న: నా డీజిల్ కారుదీ ఇదే సమస్య. ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పు) చేయిస్తే పికప్ వస్తుందా?

జవాబు: లోపం ఉన్న బండికి రీమ్యాప్ చేయించకండి. సాఫ్ట్‌వేర్ టర్బోను ఇంకా ఎక్కువ ఒత్తిడి కోరుతుంది. కారే గొట్టం ఆ ఒత్తిడిని నిలపలేదు, టర్బో మాత్రం అవసరానికి మించి తిరిగి అరిగిపోతుంది. లోపం సరిచేశాక మీకు రీమ్యాప్ అవసరమే అనిపించకపోవచ్చు. పాత యజమాని ముందే చేయించి ఉంటే, కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు తిరిగి మార్పించి, ఆ తర్వాతే పరీక్షలు మొదలుపెట్టండి.

ప్రశ్న: గట్టిగా తొక్కినప్పుడు యాప్‌లో మ్యాప్ 255 దగ్గర కదలకుండా నిలిచిపోతోంది. సెన్సర్ పోయిందా?

జవాబు: పోయి ఉండదు. సాధారణ ఓబీడీ (కారు కంప్యూటర్ విలువలు చదివే ప్రమాణం) పద్ధతిలో ఆ విలువకు కేటాయించింది ఒకే బైటు. అది 255 దాటి చూపలేదు. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి చూడండి. సముద్రమట్టానికి దగ్గరగా ఉంటే 100 కిలోపాస్కల్ దరిదాపుల్లో కనిపించాలి. అలా ఉంటే సెన్సర్ బాగున్నట్టే. 255 పైన చూడాలంటే మీ కారు కంపెనీ విలువలను చదవగల యాప్ కావాలి.

రికార్డు చేసేటప్పుడు మూడు నాలుగు విలువలే ఎంచుకోండి. చవక అడాప్టర్లు ఒక్కో విలువనూ వంతుల వారీగా అడుగుతాయి. పది పెడితే అసలు తటపటాయింపు జరిగిన క్షణమే జారిపోతుంది. ఐఫోన్ వాడేవారు బ్లూటూత్ ఎల్ఈ లేదా వైఫై రకం అడాప్టరే తీసుకోండి. ఖాళీ రోడ్డు మీద నడపండి, ఫోను పక్క సీటులోని మనిషి చేతిలో ఉండాలి. పని అయ్యాక అడాప్టర్ ఊడదీయండి. చాలావాటి పాస్‌వర్డ్ 1234 లేదా 0000, ఎవరైనా ఊహించగలరు. పైగా బండి ఆగి ఉన్నా బ్యాటరీని తాగుతూనే ఉంటాయి.