షెల్టర్‌కు రమ్మనే మెసేజ్ ఎలా రాస్తే పాలెం కదులుతుంది

మీరు అడిగింది ఇది: తుఫాను షెల్టర్‌కు రమ్మని అధికారులు పంపిన మెసేజ్ మా పట్టపుపాలెం (పట్టపు మత్స్యకారుల ఊరు) వాట్సాప్ గ్రూపులో పెడితే ఎవరూ కదలరు, పుకారు వస్తే మాత్రం ఊరంతా లేస్తుంది, ఏం చెయ్యాలి?

జనం ఆగేది మెసేజ్ అర్థంకాక కాదు. వాళ్ళని ఆపేది పడవ, ఇంజను, వల, మేకలు. వెళ్తే దక్కే ప్రాణభద్రత ఊహలో ఉంటుంది, వదిలితే పోయేది కళ్ళముందు ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో చూపించింది ఇదే: వచ్చే లాభం కన్నా అంతే నష్టం మనిషిని ఎక్కువ కదిలిస్తుంది. అందుకే మొదటి మెసేజ్‌లో గాలి వేగం రాయకండి. పడవలు ఎక్కడిదాకా లాగాలి, ట్రాక్టరు ఎన్నింటికొస్తుంది, విప్పిన ఇంజన్లు ఎక్కడ పెట్టాలి, ఖాళీ ఇళ్ళకు పోలీసు గస్తీ ఉందా, ఇవి రాయండి. వీటికి జవాబు లేకపోతే ముందు తహసీల్దారు ఆఫీసుతో మాట్లాడి తెచ్చుకోండి. మెసేజ్ ఆ తర్వాతే.

చెప్పే గొంతు కూడా ముఖ్యమే. పీడీఎఫ్ ఎవరూ తెరవరు. దురాయి (కుల కట్టుబాటు) పెద్ద చేత అర నిమిషం ఆడియో చెప్పించండి. అందులో ఒకే పని, ఒకే చోటు, ఒకే టైము: "ముసలోళ్ళు, పిల్లలు, బాలింతలు సాయంత్రం నాలుగు లోపల షెల్టర్‌కు రావాలి, ఆటో రామాలయం కాడ ఉంటుంది."

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: "ఎంత చెప్పినా జనం రావడం లేదు" అని పెడతారు. చదివినవాడికి అందరూ ఇంట్లోనే ఉన్నారని ధైర్యం వస్తుంది. వచ్చినవాళ్ళ ఫొటో తేదీ, టైముతో పెట్టండి, ఉన్నదే పెట్టండి. గుంపు ఫొటోకు ఎంత బలముందో 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నం చూపించింది. అక్కడి నాటువైద్యుడు ఆనందయ్య ఇచ్చిన మందు కరోనాను తగ్గిస్తుందన్న రుజువు లేకపోయినా వేలమంది వచ్చారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, నెలాఖరుకు కంటి చుక్కలకు కాకుండా కొన్ని మందులకు అనుమతిచ్చింది.

పుకారు వస్తే దాని స్క్రీన్‌షాట్ మళ్ళీ తిప్పకండి, ఖండించినా అదే గుర్తుండిపోవచ్చు. "సోమశిల డ్యాం తెగింది" అని వస్తే, ఇప్పుడు ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో కనుక్కుని నేరుగా అదే రాయండి. 112 (అత్యవసర నంబరు)కు, 1070 (విపత్తుల కంట్రోల్ రూము)కు ఫోన్ చెయ్యొచ్చు. మెసేజ్ మీద రెండు బాణాలుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. 2018లో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఐదు చాట్లకు కుదించింది పుకార్ల వేగం తగ్గించడానికే. మీరూ తుఫాను ఉన్న ఆ రెండు రోజులు గ్రూపులో అడ్మిన్లే రాసేలా మార్చండి.

ఇదంతా పగలే కావాలి. కరెంటు పోతే ఫోన్లు, టవర్లు ఆగిపోతాయి. మైకు కట్టిన ఆటోను ముందురోజే మాట్లాడి పెట్టుకోండి.