ఇంటి ఎఫ్‌డీ తీసి కంపెనీ కేసు నడపొచ్చా?

ప్రశ్న: మాది చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. రెండేళ్లుగా నష్టాలే. మాకు సరుకిచ్చిన ఒక చిన్న పరిశ్రమ బాకీ కోసం, చిన్న పరిశ్రమల బాకీ తగాదాలు తేల్చే ఎంఎస్‌ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లింది. వడ్డీతో కలిపి రూ.40 లక్షలు కట్టాలని మాపై అవార్డు (తీర్పు) వచ్చింది. అప్పీలుకు లాయరు రూ.4 లక్షలు అడుగుతున్నారు. కంపెనీ ఖాతాలో అంత లేదు. ఇంటి అవసరాలకు దాచిన రూ.6 లక్షల ఎఫ్‌డీ తీసేసి, చాలకపోతే ఇంటి మీద లోన్ తీసుకుందామనుకుంటున్నాను. సరైనదేనా?

జవాబు: వద్దండి. ఆ ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి.

అప్పీలు అనగానే అందరూ లాయరు ఫీజే లెక్కేస్తారు. మీరూ అంతే చేశారు. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం సెక్షన్ 19 ప్రకారం అవార్డులో 75 శాతం డిపాజిట్ చేస్తేనే కోర్టు మీ పిటిషన్ విచారణకు తీసుకుంటుంది. అంటే రూ.30 లక్షలు. కేసు తేలకముందే అందులో కొంత సరఫరాదారుకు ఇవ్వమని కోర్టు చెప్పొచ్చు కూడా. పైగా ఇది పేరుకే అప్పీలు. సాక్ష్యాలన్నీ మళ్లీ మొదటినుంచి తూచరు, సవాలు చేయడానికి కారణాలు చాలా పరిమితం. రూ.4 లక్షలు పెట్టి గుమ్మం దాకా వెళ్లి, డిపాజిట్ లేక వెనక్కి వస్తే ఏం లాభం?

ఇక ఇల్లు. కంపెనీ అప్పు మామూలుగా డైరెక్టరు సొంతింటి దాకా రాదు. లిమిటెడ్ కంపెనీ పెట్టుకున్నదే అందుకు. మీరు ఇంటి మీద లోన్ తెచ్చి కంపెనీలో పోస్తే, ఆ అడ్డుగోడను మీ చేతులతోనే పడగొట్టినట్టు. ఈఎంఐ కట్టాల్సింది మీ జీతంలోంచే కదా, ఆ జీతం ఇచ్చేది ఈ కంపెనీయే. అది ఆగిన నెల ఇల్లు గడవడానికి మిగిలేది ఆ ఆరు లక్షలే. ఇంట్లో ఒక్కరు ఆసుపత్రి పాలైతే మీరు ఎవరి దగ్గర చేయి చాస్తారు? నష్టాల్లో ఉన్న కంపెనీ యజమానికి ఆరు నెలల ఇంటి ఖర్చు కూడా చాలదు, ఏడాదిది ఉండాలంటాను. తీయడం మాట అటుంచి, వీలైతే దానికి ఇంకో లక్ష కలపండి.

కంపెనీ భరించగలదా అన్నది తెలియాలంటే గత ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ ముందేసుకోండి. జీతాలు, జీఎస్‌టీ, పీఎఫ్ పోగా మిగిలిందెంతో రాయండి. ఉద్యోగుల జీతంలో కోసిన పీఎఫ్ ఆపి కేసుకు మళ్లించాలన్న ఆలోచన మాత్రం రానివ్వొద్దు, అది క్రిమినల్ కేసు దాకా పోతుంది. ఆ మిగులు డిపాజిట్‌కు దరిదాపుల్లో లేకపోతే కంపెనీకి ఈ కేసు నడిపే శక్తి లేనట్టే.

అప్పుడు సరఫరాదారుతో కూర్చుని వాయిదాల మీద రాజీ అడగండి. ఆలస్యమైన బాకీకి ఈ చట్టం వేసే వడ్డీ ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా అసలులో కలుస్తుంది. ఆదాయపన్ను లెక్కల్లో దాన్ని ఖర్చుగా చూపనివ్వరు. సవాలుకు గడువు మూడు నెలలే కాబట్టి, అవార్డు చేతికొచ్చిన తేదీ చూసుకుని ఈ వారమే సరఫరాదారుకు ఫోన్ చేయండి. లాయరు దగ్గర కేసు చివరిదాకా అయ్యే మొత్తం ఖర్చు కాగితం మీద రాయించుకోండి, డిపాజిట్‌తో సహా.