వీఏ తిరస్కరించిన స్లీప్ ఆప్నియా క్లెయిమ్: మీ గడువు సెప్టెంబర్ 9

ప్రశ్న: మాది గుంటూరు, ఉండేది టెక్సస్‌లో. 2009 నుంచి 2014 వరకు అమెరికా ఆర్మీలో చేశాను, అఫ్గానిస్తాన్ వెళ్లొచ్చాను. యుద్ధం తెచ్చిన మానసిక జబ్బు పీటీఎస్‌డీకి వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) 70 శాతం వైకల్య రేటింగ్ ఇచ్చింది. 2021లో స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు) బయటపడింది, రోజూ సీపాప్ (గాలి పంపే మాస్క్ మెషీన్) పెట్టుకునే పడుకుంటున్నాను. అది పీటీఎస్‌డీ వల్లే వచ్చిందని క్లెయిమ్ వేస్తే తిరస్కరించారు. ప్రాణాలకు తెగించినవాణ్ని నమ్మరా? సర్వీసులో ఉన్నప్పటి నుంచే గురక ఉందని నా భార్య రాసిస్తే సరిపోతుందా? డబ్బిస్తే డాక్టర్ లెటర్ తెప్పిస్తానని ఒకాయన అంటున్నాడు. వీఏ ఉత్తరం, క్లినిక్ రికార్డు జత చేశాను.

జవాబు: మిమ్మల్ని నమ్మలేదన్నది నిజం కాదు. ఆ ఉత్తరంలో 'ఫేవరబుల్ ఫైండింగ్స్' అన్న చోట చదవండి. మీకు స్లీప్ ఆప్నియా ఉందని ఒప్పుకున్నారు. పీటీఎస్‌డీకి సర్వీస్ కనెక్షన్ (సర్వీసు వల్లే వచ్చిందన్న గుర్తింపు) ఎటూ ఉంది. తేలాల్సింది ఈ రెండింటికీ ఉన్న లంకె ఒక్కటే. వీఏ పంపిన డాక్టర్ రాసింది ఇంతే: 'ఆప్నియాకు కారణం అధిక బరువు, పీటీఎస్‌డీ కాదు.' కేసు నిలిచినా పడినా ఈ వాక్యం మీదే.

అది సగం జవాబు. సెకండరీ క్లెయిమ్‌లో, అంటే ఇప్పటికే గుర్తించిన జబ్బు వల్ల వచ్చిన మరో జబ్బుకు వేసే క్లెయిమ్‌లో, పీటీఎస్‌డీ వల్ల ఆప్నియా వచ్చిందా అన్నది ఒక ప్రశ్న, దానివల్ల ముదిరిందా అన్నది రెండో ప్రశ్న. రెండోదీ లెక్కలోకి వస్తుందని 1995లోనే ఆలెన్ వర్సెస్ బ్రౌన్ కేసులో తేలింది. ఈ డాక్టర్ దాని ఊసే ఎత్తలేదు. ఇక బరువు సంగతి. పీటీఎస్‌డీ వల్లో దాని మందుల వల్లో బరువు పెరిగి, ఆ బరువే ఆప్నియాకు ముఖ్య కారణమై, బరువు పెరగకపోతే ఆప్నియా వచ్చేదే కాదని తేలితే లంకె కుదిరినట్టే. 2017లో వీఏ జనరల్ కౌన్సెల్ (ప్రధాన న్యాయాధికారి) ఇచ్చిన అభిప్రాయం ఇదే. మీ రికార్డు చూడండి: డిశ్చార్జ్ నాడు 158 పౌండ్లు. 2018లో పీటీఎస్‌డీకి మిర్టాజపీన్ మందు మొదలుపెట్టారు. 2020 నాటికి 211. బరువు పెరగడం ఆ మందుకు బాగా తెలిసిన సైడ్ ఎఫెక్ట్. మీ క్లెయిమ్‌లో ఈ అంకెలు ఒక్కచోటా రాయలేదు!

మీ పెళ్లి 2017లో జరిగింది. భార్యను డిపెండెంట్‌గా చేర్చినప్పుడు ఆ తేదీ మీరే వీఏకి ఇచ్చారు. సర్వీసులో మీరు పెట్టిన గురక ఆవిడ ఎలా విన్నారు? అబద్ధపు స్టేట్‌మెంట్ మీద సంతకం ఫెడరల్ నేరం, ఆవిడ చేత ఆ పని చేయించకండి. పైగా సెకండరీ క్లెయిమ్‌కి జబ్బు సర్వీసులోనే మొదలవ్వాలన్న రూలే లేదు. పెళ్లయ్యాక కళ్లారా చూసిందే రాయమనండి: ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, పీడకల వచ్చి మాస్క్ పీకేయడం.

లెటర్ అమ్మే ఆయన్ని వదిలేయండి. మీ రికార్డు చదవని డాక్టర్ ఇచ్చే అచ్చు లెటర్ నిలబడదు. మీకు వైద్యం చేస్తున్న స్లీప్ డాక్టర్‌కి ఆ అంకెలు చూపించి, రెండు ప్రశ్నలకూ విడివిడిగా, కారణాలతో రాయమనండి. ఖాయమని రాయనక్కర్లేదు, అవకాశం కనీసం సగానికి సగం ఉందంటే చాలు.

ఉత్తరం మీది తేదీ గత సెప్టెంబర్ 9. పది నెలలు దాన్ని సొరుగులో పెట్టుకుని కూర్చోవడం పెద్ద నిర్లక్ష్యం. ఏడాది దాటకుండా 20-0995 ఫారంతో సప్లిమెంటల్ క్లెయిమ్ (కొత్త సాక్ష్యంతో మళ్లీ అడగడం) వేసి గెలిస్తే, బకాయిలు మొదటి క్లెయిమ్ నాటి నుంచి లెక్కవుతాయి. గడువు దాటాక కూడా వేయొచ్చు గానీ ఆ పాత బకాయి పోతుంది. హయ్యర్ లెవల్ రివ్యూ (పై అధికారి పునఃపరిశీలన) జోలికి వెళ్లకండి, అందులో కొత్త సాక్ష్యం తీసుకోరు. మీరు క్లెయిమ్ వేసిన నాటి రేటింగ్ షెడ్యూల్‌లో (శాతాల పట్టికలో) సీపాప్ అవసరమైతే 50 శాతం. దాన్ని 70తో కలిపితే వీఏ లెక్కలో (మిగిలిన 30లో సగం, 15 కలిపి) 85, రౌండ్ చేస్తే 90.

మాజీ సైనికుల సంఘాలైన డీఏవీ, అమెరికన్ లీజియన్ ప్రతినిధులు ఫారం ఉచితంగా నింపిపెడతారు. డాక్టర్ లెటర్ ఆలస్యమయ్యేలా ఉంటే మీ భార్య స్టేట్‌మెంట్ కొత్త సాక్ష్యంగా జత చేసి సెప్టెంబర్ 9 లోపు ఫారం వేసేయండి. లెటర్ వెనక పంపొచ్చు, నిర్ణయం రాకముందే అందాలి.