మూడున్నరకు లేస్తానన్న మేనకోడలికి

బిడ్డా,

ఉగాది నుంచి రోజూ తెల్లవారుజామున మూడున్నరకు లేచి కవిత్వం రాస్తానన్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "అంతా మామ పోలికే" అని కూడా అంది. మెచ్చుకుందో, తిట్టిందో తెలియలేదు. నాకు మాత్రం ఎంత సంతోషమైందో! అంతలోనే నీ స్కూటీ గుర్తొచ్చింది. హయత్‌నగర్ నుంచి గచ్చిబౌలి దాకా లారీల మధ్య పోయేదానివి. నిద్ర చాలకుండా ఆ రోడ్డెక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. దేవరకొండ దారిలో లూనా మీద కునుకు తీసి కాలువలో పడ్డవాణ్ణి. మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది.

రాత్రి తొమ్మిదిన్నరకల్లా పడుకో. కుదరని రోజు లేవకు. ఫోను వేరే గదిలో పెట్టు. ఇంతే, ఇవన్నీ నీకు తెలిసినవే.

బ్రాహ్మీ ముహూర్తం గురించి ఎవరో నీ చెవిలో వేసే ఉంటారు. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుందంటారు. రఘువంశం 17వ సర్గ మొదటి శ్లోకంలో కుశుడి భార్య కుముద్వతి కొడుకును కనడాన్ని కాళిదాసు దేనితో పోల్చాడో తెలుసా? రాత్రి చివరి జాము వల్ల మనసుకు కలిగే తేటదనంతో. ఆ ఉపమానం చదివే నేను చెడిపోయాను.

1986లో మర్రిగూడ వైపు కొత్తగా బడిపంతులుగా చేరాను. నాలుగింటికి లేవడం, చన్నీళ్ల స్నానం, లాంతరు ముందు కూర్చోవడం. ఐదున్నర దాకా కవిత్వం. మిగతా రోజంతా కలం ముట్టకూడదని నాకు నేనే పెట్టుకున్న నియమం. ఎంత గర్వమో దాని మీద! ఒక మధ్యాహ్నం బోరింగు దగ్గర ఒక పిల్ల బిందె నింపుతోంది. ఎనిమిదేళ్లుంటాయేమో. కాళ్లు రెండూ వంగిపోయి ఉన్నాయి. ఫ్లోరైడు నీళ్లు మా వైపు ఎముకల్ని ఏం చేశాయో నీకు కొత్తగా చెప్పాలా? ఆ పిల్ల నన్ను చూసి, "సార్, నీళ్లు తాగుతరా?" అంది. తనను వంచిన నీళ్లే నాకు ఇస్తానంటోంది.

ఆ క్షణంలో ఒక వాక్యం వచ్చింది బిడ్డా. మొత్తంగా, తలా తోకా ఉన్న వాక్యం. చేతిలో చాక్‌పీసు ఉంది, చంకలో హాజరు పట్టీ ఉంది. ఆ పట్టీ వెనక రాసుకుంటే ఏం పోయేది? "వేళ కాదు, రేపు పొద్దున చూద్దాం" అనుకున్నాను.

మర్నాడు నాలుగింటికి కూర్చున్నాను. వాక్యం రాలేదు. కోడి కూసింది. గడ్డి మీద మంచు కనిపించింది. మంచు మీద పదహారు పంక్తులు రాశాను. అది అచ్చయింది కూడా, మిత్రులు భుజం తట్టారు. ఏడాది చివర నోటుబుక్కు తిరగేస్తే కోడికూత లేని కవిత ఒక్కటి లేదు. తొలి కిరణం, మంచు, మల్లెలు. తాగే నీళ్లకే కటకటలాడే ఆ ఊళ్లో మల్లెలెక్కడివి! ఆ పిల్ల మాత్రం ఎక్కడా లేదు. ఆ వాక్యం నడక ఇప్పటికీ లీలగా గుర్తుంది, మాటలు గుర్తులేవు.

నీకు నోటికొచ్చిన నా కవితలున్నాయే, అవి ఎక్కడ పుట్టాయో చెప్పనా? మీ తాత బావి గడ్డన. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018లో వచ్చింది గానీ, అప్పట్లో అది ఏ అర్ధరాత్రో వచ్చేది. సెలవుల్లో నాయనకు బదులు నేను పోయేవాణ్ణి. చేతిలో టార్చిలైటు, గుండెల్లో పాముల భయం, కళ్లు స్టార్టరు మీద. నిద్ర చెడగొట్టినందుకు కోపమొచ్చి బీడీకట్ట కాగితం మీద గీకినవే అవన్నీ. ఒకరోజు పదకొండింటికి, ఒకరోజు రెండింటికి. అక్కడి నుంచి కదలడానికి లేదు, పిలిచేవాళ్లు లేరు. అంతకు మించి ఆ వేళలో మహిమేమీ లేదనుకుంటాను.

పెద్దనదని చెప్పే చాటుపద్యం చూడు. ప్రశాంతమైన చోటు కావాలన్నాడు. ప్రియమైన దూతిక తెచ్చిచ్చే కప్పురవిడెం, మంచి భోజనం, ఉయ్యాల మంచం కావాలన్నాడు. (ఇవి మీ అమ్మను అడిగేవు, తంతుంది.) ఇన్ని అడిగినాయన వేళ మాత్రం అడగలేదు.

అందుకని లేవొద్దనను. లేచి, నిన్న రాసుకున్నదాన్ని దిద్దుకో. ఆ చల్లపొద్దున ఎక్కువైన మాట ఇట్టే దొరికిపోతుంది. కొత్త వాక్యం మాత్రం ఎప్పుడొస్తే అప్పుడే పట్టుకో. లిఫ్టులోనైనా సరే, మీటింగులోనైనా సరే. స్కూటీ మీద వస్తే బండి పక్కకు తీసి, స్టాండు వేసి, అప్పుడు రాయి. నడుపుతూ మనసులో వల్లెవేశావని తెలిస్తే నేనే వచ్చి తాళంచెవి లాక్కుంటాను.

ఆదివారం మీ అమ్మ వస్తోందిగా, బత్తాయిలు పంపుతున్నాను. ఉగాది నాడు లేవగానే నాకు ఫోన్ చెయ్యి. ఈ వయసులో నేనెలాగూ మేలుకొనే ఉంటాను. ఫోను వేరే గదిలో పెట్టమన్నది రెండో రోజు నుంచి.

నీ మామ