థలసీమియా మైనర్ ఉన్న అమ్మాయి, మేనబావతో పెళ్లి: పిల్లల సంగతి ఏంటి?

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకు 24 ఏళ్లు, మేనమామ కొడుకుతో పెళ్లి కుదిరింది. నీరసంగా ఉందని పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం) ఎక్కువగా, 5.4 శాతం వచ్చింది, థలసీమియా మైనర్ అన్నారు, అంటే హిమోగ్లోబిన్ సరిగా తయారవని జబ్బు తాలూకు లోపం ఒక్క జన్యు కాపీలోనే ఉందని. మా ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేదు కదా నాకెలా వచ్చింది, పుట్టే పిల్లలకు వస్తుందా, వచ్చినా క్రిస్పర్ అనే జన్యువుల్ని కత్తిరించే పద్ధతితో జన్యువునే సరిచేస్తున్నారట కదా అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు. ఖమ్మంలో ఒక ల్యాబులో 19 ఏళ్లుగా టెక్నీషియన్‌గా చేస్తున్నాను. నా భార్య నా మేనమామ కూతురు. మా పెద్దమ్మాయికి 13 ఏళ్లు, థలసీమియా మేజర్, అంటే రెండు కాపీలూ పాడైన అసలు జబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తాం. ఆ అనుభవంతో రాస్తున్నాను.

మీరు రాసిన దాంట్లో మీ బావ పరీక్ష గురించి ఒక్క మాట కూడా లేదు. మిగతా టెన్షన్లన్నీ పక్కన పెట్టి ముందు ఆయనకు హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే రక్తపరీక్ష) చేయించండి. ఆయనకు నార్మల్ వస్తే మీ పిల్లల్లో ఎవరికీ మేజర్ రాదు. మహా అయితే మీలాగా మైనర్ అవుతారు. ఆయనకూ మైనర్ అనో, హిమోగ్లోబిన్‌లో ఇంకేదైనా తేడా ఉందనో వస్తేనే అసలు ఆలోచన మొదలవుతుంది.

ఇక ఎలా వచ్చిందంటే, మీ అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చింది. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి. బీటా గొలుసు తయారు చేసే జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అది మనందరిలో రెండు కాపీలు, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. మీలో ఒక కాపీ సరిగా పనిచేయదు, రెండోది బాగానే పనిచేస్తుంది. ఒక్కటి పనిచేసినా బతుకు సాఫీగా సాగిపోతుంది కాబట్టి మీ ఇంట్లో తరతరాలుగా ఎవరికీ తెలియలేదు. మీది జబ్బు కూడా కాదు.

మన దగ్గర ఎక్కువగా కనిపించే లోపం పేరు ఐవీఎస్ 1-5. జన్యువు నుంచి నకలు తీశాక కణం దాంట్లో అక్కర్లేని ముక్కలు కత్తిరించి, కావలసినవి అతికిస్తుంది, పెళ్లి వీడియో ఎడిటింగ్ చేసినట్టు. ఎక్కడ కత్తిరించాలో చెప్పే గుర్తు దగ్గర ‘జి’ అనే అక్షరం ఉండాల్సిన చోట ‘సి’ ఉంది. అంతే. మనిషి జన్యు సమాచారం మొత్తం సుమారు 300 కోట్ల అక్షరాలు, అందులో ఒక్కటి మారింది. దాంతో కత్తెర తప్పు చోట పడుతుంది, బీటా గొలుసు సరిగా తయారవదు.

మీ పాత సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టు ఉంటే తీసి చూడండి. ఎంసీవీ అంటే ఎర్ర రక్తకణం సైజు. నాది 64, నార్మల్ 80 పైన ఉండాలి. నా ఆర్‌బీసీ (ఎర్ర రక్తకణాల సంఖ్య) మాత్రం 5.8 మిలియన్లు. కణాలు చిన్నవైనా శరీరం ఎక్కువ సంఖ్యలో తయారు చేసి సరిపెట్టుకుంటుందన్నమాట. ల్యాబుల్లో ఒక చిన్న లెక్క ఉంది: ఎంసీవీని ఆర్‌బీసీతో భాగిస్తే 13 కంటే తక్కువ వస్తే థలసీమియా మైనర్ అని అనుమానించాలి, ఎక్కువ వస్తే ఐరన్ తక్కువని. నాది 11. అది అనుమానం మాత్రమే, తేల్చేది హెచ్‌పీఎల్‌సీ. ఈ లెక్క ఎంతోమంది రిపోర్టుల మీద వేసి డాక్టర్లకు చెప్పినవాణ్ణి, పెళ్లికి ముందు నా రిపోర్టు మీద వేసుకోలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. మీకు ఇంత పొడుగ్గా రాయడానికి కారణం కూడా అదే.

మా అమ్మాయి పుట్టినప్పుడు మూడు కిలోలు, ఎర్రగా, హుషారుగా ఉంది. ఆరో నెల దాటాక పాలు తాగుతూ మధ్యలో ఆయాసపడి వదిలేసేది. అరచేతులు పాలిపోయాయి. ఒక డాక్టరు గారు ఐరన్ సిరప్ రాస్తే రెండు నెలలు పట్టించాం. పొట్ట ఎడమ పక్కన గట్టిగా ఉబ్బుతూ వచ్చింది. ఒకరోజు నేనే శాంపిల్ తీసి మెషీన్‌లో పెడితే హెచ్‌బీ (హిమోగ్లోబిన్) 4.6. మెషీన్ తప్పేమోనని మళ్లీ పెట్టాను. మళ్లీ 4.6.

హెచ్‌పీఎల్‌సీకి హైదరాబాద్ పంపించాం. ఆ గ్రాఫులు చదవడం నాకు అలవాటే. మామూలు మనిషిదైతే మధ్యలో ‘ఏ’ అనే పెద్ద శిఖరం ఉంటుంది, దాని తర్వాత ‘ఏ2’ చిన్న గుట్టలా ఉంటుంది. మా పాప కాగితం మీద ‘ఏ’ ఉండాల్సిన చోట దాదాపు ఏమీ లేదు. ఎడమ వైపు ‘ఎఫ్’ ఒక్కటే నిటారుగా లేచింది, 94 శాతం. కింద రాసిన ఇంగ్లిష్ వాక్యం చదవకముందే నాకు అర్థమైపోయింది. ఆ రాత్రే మా ఇద్దరి శాంపిల్స్ తీశాను. నా ఏ2 5.1, మా ఆవిడది 5.6.

పుట్టినప్పుడు బాగున్న బిడ్డ ఆరు నెలలకు ఎందుకు వాడిపోయిందో తెలిస్తే, మీ క్రిస్పర్ ప్రశ్నకు జవాబు సగం దొరికినట్టే. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ బీటా గొలుసు పెద్దగా వాడదు. అదే 11వ క్రోమోజోమ్ మీద పక్కనే ఉన్న గామా జన్యువు పనిచేస్తుంది. దాంతో తయారయ్యేదే ‘ఎఫ్’ హిమోగ్లోబిన్. పుట్టాక నెలనెలా గామా పని తగ్గుతూ బీటా పని పెరుగుతుంది, ఆరు నెలలకు దాదాపు చేతులు మారిపోతాయి. గామా జన్యువు ఎక్కడికీ పోదు, మీలో నాలో ఇప్పటికీ ఉంది. దానికి తాళం పడుతుంది, అంతే. మా పాపలో గామాకు తాళం పడే సమయానికి అందుకోవాల్సిన బీటా లేదు. మిగిలిన కాస్త గామాతో అయ్యే పని ఒంటికి చాలలేదు.

1948లో న్యూయార్క్‌లో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరు సికిల్ సెల్ అనే ఇంకో హిమోగ్లోబిన్ జబ్బు ఉన్న పిల్లల్ని గమనించి, పుట్టిన కొత్తలో వాళ్లను కాపాడుతున్నది ఈ ఎఫ్ హిమోగ్లోబినే అయి ఉండాలని చెప్పారు. ఆ తాళం ఏమిటో తేలడానికి ఇంకో 60 ఏళ్లు పట్టింది. 2008లో బోస్టన్‌లో స్టువర్ట్ ఆర్కిన్ బృందం బీసీఎల్11ఏ అనే జన్యువు గామాను ఆపుతోందని చూపించింది.

మీరు విన్న క్రిస్పర్ చికిత్స పేరు కాస్జెవీ. చాలామంది అనుకున్నట్టు అది పాడైన బీటా అక్షరాన్ని దిద్దదు. రోగి రక్త మూలకణాలు బయటికి తీసి, బీసీఎల్11ఏ ఎర్ర రక్తకణాల్లో పనిచేయడానికి కావలసిన ఒక ముక్కను కత్తిరిస్తారు. తాళం ఊడుతుంది, గామా మళ్లీ మొదలవుతుంది. పాడైన బీటా అలాగే ఉంటుంది, మనిషి మాత్రం కడుపులో బిడ్డ వాడే హిమోగ్లోబిన్‌తో బతుకుతాడు. బ్రిటన్‌లో 2023 నవంబరులో అనుమతి వచ్చింది. అమెరికాలో సికిల్ సెల్‌కు ఆ డిసెంబరులో, థలసీమియాకు 2024 జనవరిలో ఇచ్చారు, అదీ 12 ఏళ్లు నిండినవాళ్లకు. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు.

కానీ అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, అంటే మన లెక్కలో 18 కోట్ల పైనే. దిద్దిన కణాలు తిరిగి ఎక్కించే ముందు బుసల్ఫాన్ అనే బలమైన కీమో మందుతో ఎముకల్లోని పాత మజ్జను ఖాళీ చేయాలి. దానివల్ల ముందుముందు పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినొచ్చు. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి. ఇంకో సంగతి, మీకు ముఖ్యమైనది: దిద్దేది రక్త మూలకణాల్ని మాత్రమే. అండంలో, వీర్యంలో మార్పేమీ ఉండదు. రేపు మా అమ్మాయికి ఆ చికిత్స జరిగినా, తన పిల్లలకు వెళ్లేది ఆ పాత బీటా కాపీయే.

మరి పిండంలోనే సరిచేస్తే అంటారా? 2018లో చైనాలో హె జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త వేరే జన్యువు మీద ఆ పని చేశాడు, కవల ఆడపిల్లలు పుట్టారు. ప్రపంచమంతా తప్పుబట్టింది, అతనికి మూడేళ్ల జైలు పడింది. మన కత్తెర తప్పు చోట పడితే ఆ బిడ్డతో ఆగదు, ఆ బిడ్డ పిల్లలకూ పోతుంది. దాని మీద ఆశ పెట్టుకోకండి. మీ చేతిలో అంతకంటే తేలికైన దారి ఉంది.

మేనరికం లెక్క కూడా చెప్తాను. మన దేశంలో వంద మందిని తీసుకుంటే సుమారు ముగ్గురు నలుగురు బీటా థలసీమియా క్యారియర్లు, అంటే మీలాగా మైనర్ ఉన్నవాళ్లు. మీరు బయటి సంబంధం చేసుకుంటే అబ్బాయి క్యారియర్ అయ్యే అవకాశం అంతే. మేనబావ అయితే ఎనిమిదిలో ఒక వంతు, అంటే పన్నెండు శాతం పైన. మేనమామనే చేసుకుంటే నాలుగులో ఒక వంతు. ఇద్దరూ క్యారియర్లు అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు మేజర్ వచ్చే అవకాశం 25 శాతం, మైనర్ 50, పూర్తి నార్మల్ 25. ప్రతి కాన్పులోనూ అన్నది గుర్తుపెట్టుకోండి. మా బంధువులు ‘మొదటి బిడ్డకు వచ్చేసింది కదా, ఇక తర్వాత ముగ్గురికీ రాదు’ అని మాకు ధైర్యం చెప్పారు. ఆ మాట నమ్మకండి.

మా ఇంట్లో ఆ కాపీ ఎక్కడిదో చూద్దామని అందరికీ పరీక్ష చేశాను. మా అమ్మకు ఉంది, మామయ్యకు ఉంది. వాళ్ల అమ్మ, అంటే మా అమ్మమ్మకు ఏ2 5.3. అప్పటికి ఆవిడకు 81 ఏళ్లు. విషయం తెలిసి మంచం మీద కూర్చుని ‘నా వల్లనా నాయనా ఆ పిల్లకి’ అని ఒకటే ఏడుపు. ఆవిడకు నేను చెప్పింది మీకూ చెప్తాను. 1940ల చివర్లో హాల్డేన్ అనే శాస్త్రవేత్త, ఈ కాపీ ఒక్కటి ఉన్నవాళ్లు మలేరియాను బాగా తట్టుకుంటారేమో, అందుకే ఇది తరాలు దాటి నిలిచిందేమో అన్నాడు. తర్వాతి పరిశోధనలు ఆ ఆలోచనను బలపరిచాయి. ‘నీ అమ్మమ్మలు అడవి జ్వరానికి పోకుండా మిగలడంలో దీని చెయ్యి కూడా ఉందేమో అమ్మమ్మా’ అన్నాను. కొంగుతో కళ్లు తుడుచుకుని నా చేతిలో ఉన్న రిపోర్టు తీసుకుంది, చదవడం రాకపోయినా చాలాసేపు చూసింది. (హాల్డేన్ తర్వాత మన దేశం వచ్చి స్థిరపడ్డాడు. ఆయన శిష్యుడు, మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు 1960ల్లోనే ఆంధ్రప్రదేశ్ మేనరికాల మీద పరిశోధన చేశారు. మనకు తెలియని విషయమేమీ కాదిది, ఇళ్లదాకా రాలేదంతే.)

మీ బావకూ మైనర్ అని వస్తే పెళ్లి మానేయాలా అని తర్వాత అడుగుతారు. నా అభిప్రాయం: అది మీ ఇద్దరి నిర్ణయం, పెద్దలది కాదు. పెళ్లి చేసుకుంటే మాత్రం ముందే ఇద్దరి మ్యుటేషన్ (జన్యువులో లోపం) ఏదో జన్యు పరీక్షతో తేల్చుకోండి. గర్భం వచ్చాక ఆ వెతుకులాట మొదలుపెడితే సమయం సరిపోదు. గర్భం వచ్చాక 11 నుంచి 13 వారాల మధ్య సీవీఎస్ అనే పరీక్షలో మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు రెండు కాపీలూ పాడయ్యాయో లేదో చూస్తారు. మా బాబు అలా పరీక్ష చేయించుకుని పుట్టినవాడే. రిపోర్టు వచ్చేదాకా మా ఆవిడ అన్నం సరిగా తినలేదు. మైనర్ అని వచ్చింది. వాడి మజ్జ అక్కకు మార్పిడి చేయడానికి సరిపోతుందేమోనని చూశాం, కలవలేదు. తోబుట్టువులకైనా కలిసే అవకాశం నాలుగులో ఒక వంతే.

సైప్రస్‌లో ఒకప్పుడు ఈ జబ్బు చాలా ఎక్కువ. 1970ల నుంచి పెళ్లికి ముందు పరీక్షలు, గర్భంలో పరీక్షలు పెట్టి మేజర్ పిల్లల పుట్టుకను దాదాపు ఆపేశారు. జన్యువుల్ని దిద్దకుండానే.

మేజర్ అంటే ఏంటో మీకు తెలియాలి. ఎక్కించే ప్రతి యూనిట్ రక్తంతో 200 మిల్లీగ్రాముల పైన ఐరన్ ఒంట్లోకి వస్తుంది, దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. అందుకే మా అమ్మాయి రోజూ ఐరన్ తగ్గించే మందు వేసుకోవాలి. ఎక్కించే రోజు ఏ చేతికి సూది గుచ్చాలో తనే చెప్తుంది. పరీక్షలుంటే ఎడమ చెయ్యి చాపుతుంది, కుడిచేత్తో చదువుకుంటూ రాసుకోవచ్చని.

పరీక్షకు వెళ్లేటప్పుడు మీ బావ పరగడుపున ఉండక్కర్లేదు. సీబీపీకి, హెచ్‌పీఎల్‌సీకి ఊదా మూత ట్యూబులో రెండు ఎంఎల్ రక్తం చాలు, ఫెరిటిన్‌కు (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష) మామూలుగా వేరే ట్యూబులో తీస్తారు. సీబీపీ, ఫెరిటిన్, హెచ్‌పీఎల్‌సీ మూడూ కలిపి చేయించండి, ఎందుకంటే ఒంట్లో ఐరన్ తక్కువగా ఉంటే ఏ2 అసలుకంటే తక్కువ చూపించి క్యారియర్ కాదనిపించొచ్చు. గత రెండు మూడు నెలల్లో రక్తం ఎక్కించుకుని ఉంటే ల్యాబులో ముందే చెప్పండి. మీరు కూడా ఫెరిటిన్ చూడకుండా ఐరన్ మాత్రలు మింగకండి.

రిపోర్టు వచ్చాక ఎంసీవీ, ఆర్‌బీసీ, ఫెరిటిన్, ఏ2, ఈ నాలుగు అంకెలు ఇక్కడే రాయండి. శుక్రవారం మా అమ్మాయికి ఎక్కించే రోజు. నాలుగు గంటలు వార్డులోనే ఉంటాను, చూసి జవాబు రాస్తాను.