'అన్నీ ఉండకూడదు' అంటే ఎన్ని ఉండవచ్చు?

సందేహం: యూనిట్ టెస్టు (ప్రోగ్రాంలోని ఒక చిన్న భాగాన్ని విడిగా సరిచూసే పరీక్ష) విఫలమైనప్పుడు తెర మీద కనిపించే సందేశాలను మేము తెలుగులో రాస్తున్నాం. జిల్లాల పేర్ల జాబితాను పరీక్షించే చోట 'పేర్లన్నీ ఖాళీగా ఉండకూడదు' అని రాశాను. అలా అంటే కొన్ని ఖాళీగా ఉన్నా ఫరవాలేదనే అర్థం వస్తుందని నా సహోద్యోగి అంటున్నారు. నిజమేనా?

సమాధానం: మీ సహోద్యోగి అభ్యంతరం న్యాయమైనదే. 'అన్నీ' అనే మాట వ్యతిరేక క్రియతో కలిసినప్పుడు రెండర్థాలు పొసగుతాయి: ఏ ఒక్కటీ ఖాళీగా ఉండరాదన్నది ఒకటి, అన్నింటికి అన్నీ ఖాళీ కారాదు గాని కొన్ని అయితే కావచ్చునన్నది రెండవది. మాట్లాడేటప్పుడు ఊనిక ఈ తేడాను పట్టి ఇస్తుంది. దోష సందేశానికి ఆ ఆసరా లేదు. కనుక 'ఏ పేరూ ఖాళీగా ఉండకూడదు' అని రాయండి. 'ఏ'తో మొదలై సముచ్చయార్థకమైన ('కూడా' అనే అర్థమిచ్చే) దీర్ఘంతో ముగిసే ఈ పదబంధం వ్యతిరేక క్రియకు ముందు వచ్చినప్పుడు సంపూర్ణ నిషేధాన్నే చెబుతుంది. రెండో అర్థమే మీ ఉద్దేశమైతే 'ఒక్క పేరైనా నిండి ఉండాలి' అనడం మేలు.

ఇలాంటి పరీక్షల్లో ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మరొకటి ఉంది. 'జాబితాలో గుంటూరు, కర్నూలు, చిత్తూరు ఉండాలి' అంటే, వాటితో పాటు వేరే పేర్లు ఉన్నా వాక్యం నిజమే. జావా ప్రోగ్రాంల పరీక్షలు రాయడానికి వాడే అసెర్ట్‌జే లైబ్రరీలోని 'కంటెయిన్స్' అనే ఆదేశం చూసేదీ అంతే. 'ఈ మూడూ ఉండాలి' అంటే ఒక్కటీ తగ్గరాదని నొక్కి చెప్పినట్టు, 'ఈ మూడే ఉండాలి' అంటే నాలుగోదానికి చోటు లేదన్నట్టు. చివరి అచ్చు ఒక్కటి మారితే పరీక్షే మారిపోతుంది కాబట్టి దాన్ని అచ్చుతప్పుగా వదిలేయకూడదు. అయితే అవధారణార్థకమైన ('ఇవి తప్ప వేరే లేవు' అని తేల్చి చెప్పే) ఈ ఏకారం గాని, 'మాత్రమే' గాని వరుసను నియమించవు, పునరుక్తిని నిషేధించవు. గుంటూరు రెండుసార్లు వచ్చినా 'ఈ పేర్లే ఉన్నాయి' అనవచ్చు. 'కంటెయిన్స్‌ఓన్లీ' స్వభావమూ సరిగ్గా అదే. వరుసనూ పునరుక్తినీ కూడా సరిచూసే 'కంటెయిన్స్‌ఎగ్జాక్ట్‌లీ' వాడిన చోట 'ఈ మూడు పేర్లే, ఇదే వరుసలో, ఒక్కొక్కటి ఒక్కసారే ఉండాలి' అని విడమరిచి రాయవలసిందే.

పైన సూచించిన 'ఏ పేరూ ఖాళీగా ఉండకూడదు' అనే వాక్యాన్ని చదివేవారు జాబితాలో పేర్లు ఉన్నాయనే అనుకుంటారు. జాబితాలో అసలు పేర్లే లేకపోయినా, ఖాళీ పేరు ఒక్కటీ దొరకదు కనుక యంత్రం మాత్రం ఆ పరీక్ష నెగ్గిందనే చెబుతుంది. అందువల్ల దానికి ముందు 'జాబితాలో కనీసం ఒక పేరు ఉండాలి' అనే మరో పరీక్షను తప్పక చేర్చండి.